నేలకు చెవి ఆనించిన దేశం



మాకు చదువు చెప్పిన సారు పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి పిలుస్తూ కార్యదర్శిగారు ఫోన్లో ఒక షరతు పెట్టారు. "అంతర్జాతీయ విషయమైనా పర్వాలేదు గానీ, మన హిందూపురం వాళ్ళకు మరీ దూరం కాకుండా చూడండి" అన్నారు. ఆయుధ నియంత్రణలో స్వీడన్ చేసిన పని గురించి మాట్లాడదామనుకుంటున్నానని చెప్పేసరికి అటునుంచి కాసేపు మాట వినబడలేదు. ఆయన బెంగ తీర్చడానికి గౌరీబిదనూరు నుంచి మొదలుపెడతాను.

ఇక్కడ బెంగళూరు పాసింజరెక్కితే అరగంట. మన పెన్న ఆ ఊరి మీదుగానే మన గడ్డ మీదికి వస్తుంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో, 1960ల నడుమ, బ్రిటన్ అణుశక్తి సంస్థ సాయంతో మన అణుశక్తి శాఖవాళ్ళు 20 సీస్మోమీటర్లను నేలలో దించారు. పైనుంచి చూస్తే ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారం, ఒక్కో చేయి ఇరవై కిలోమీటర్లకు పైనే. ఎక్కడో వేల మైళ్ళ అవతల నేల అదిరితే అది భూకంపమా, అణుబాంబా అని తేల్చడం వాటి పని. మా చిన్నతనంలో అటు సంతకు పోయొచ్చినవాళ్ళు "భూమికి చెవులు పెట్టినారంట" అని చెప్పుకునేవాళ్ళు.

ఆ మాట విని సారు ఊరుకోలేదు. లేబొరేటరీలో ఇనుప చట్రానికి బరువైన రాయి వేలాడదీసి, దానికి సన్నటి సూది కట్టారు. కిరసనాయిలు బుడ్డి మీద గాజు పలక పట్టి మసి పట్టించి, ఆ పలకను సూది కింద మెల్లగా జరిపేవాళ్ళం. బయట రోడ్డు మీద లారీ పోతే దువ్వెన పళ్ళలాంటి గీతలు పడేవి. రైలొస్తే గీతలు మెల్లగా లావై మెల్లగా సన్నబడేవి. పరిగి రోడ్డులో ఎవరైనా బావికి తూటా పేలిస్తే ఒక్కసారి నిటారుగా లేచి చప్పున పడిపోయేది. తర్వాత సారు గది బయటికి పోయి నిలబడేవారు. మేము పలకలు కలిపేసి ఒక్కోటీ తీసుకుపోతే చూసి చెప్పేవారు, ఇది లారీ, ఇది రైలు, ఇది తూటా. "తేడా చప్పుడులో ఉండదురా, గీతలో ఉంటుంది" అనేవారు. అణుపరీక్షల మీద జెనీవాలో దాదాపు నలభై ఏళ్ళు నడిచిన తగాదా కూడా అదేనని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆ తగాదాలోకి దిగిన స్వీడన్‌ను మధ్యస్థాయి దేశం అంటారు. ఆ మాటను పుస్తకాల్లో జనాభాతోనో, ఆదాయంతోనో, సైన్యంతోనో కొలుస్తారు. నాకు ఆ కొలతల మీద పెద్దగా నమ్మకం లేదు. ఈ వ్యవహారంలో నా లెక్క వేరు. ఇద్దరు పెద్ద రైతుల మధ్య గట్టు ఉన్న చిన్న రైతును తలచుకోండి. వాళ్ళ గొడవలో తొక్కుడు పడేది అతని చేనే. అతను నీతులు చెబితే ఇద్దరూ నవ్వుతారు. ఎవరో ఒకరి పక్కన చేరితే రెండోవాడికి శత్రువవుతాడు. కానీ అతను కొలిచే గొలుసు తెచ్చి గట్టు మీద పరిచాడనుకోండి, ఇద్దరూ ఒక్క క్షణం ఆగి చూస్తారు. గొలుసు సరైనదేనని ముందు వాళ్ళను ఒప్పించాలి, అదే అసలు కష్టం. ఎనభై లక్షల జనాభా కూడా లేని స్వీడన్ 1960లలో ఆ గొలుసు పట్టుకుంది.

స్వీడన్ అంటే నోబెల్ బహుమతుల దేశం, శాంతి దేశం అని మనకొక బొమ్మ ఉంది. ఆ దేశం అణుబాంబు చేసుకోవడానికి చాలా దూరం వెళ్ళిందన్న సంగతి ఆ బొమ్మలో కనబడదు. 1945 ఆగస్టులో హిరోషిమా మీద బాంబు పడిన కొద్ది రోజులకే, అప్పుడే పుట్టిన రక్షణ పరిశోధన సంస్థ ఎఫ్.ఓ.ఏ.ను సైన్యం ఆ కొత్త ఆయుధం సంగతి చూడమంది. దేశంలో యురేనియం ఉంది. సొంత యురేనియం, భారజలంతో నడిచే రియాక్టర్ల దారి పట్టారు. ఆ దారిలో కరెంటు వస్తుంది, కావాలనుకుంటే ప్లుటోనియమూ వస్తుంది. ఆ దారి ఎలాంటిదో భారతదేశంలో ఉన్న మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

1950ల్లో అక్కడ జరిగినంత బాహాటమైన చర్చ బాంబు గురించి మరెక్కడా జరగలేదని నా అభిప్రాయం. పెద్ద పత్రిక డాగెన్స్ న్యూహేటర్ సంపాదకుడు హెర్బర్ట్ టింగ్‌స్టెన్ బాంబు కావాలన్నాడు. పాలక సోషల్ డెమోక్రటిక్ పార్టీ మహిళా సమాఖ్య, ఇంగా థోర్సన్ నాయకత్వంలో, వద్దని అడ్డం పడింది. ప్రధాని టాగె ఎర్లాండర్ మొదట్లో బాంబు వైపే మొగ్గాడు, విదేశాంగ మంత్రి ఓస్టెన్ ఉండేన్ గట్టిగా వ్యతిరేకించాడు. పార్టీ చీలిపోయేలా ఉందని ఒక కమిటీ వేశారు. దానికి కార్యదర్శిగా పనిచేసిన కుర్రవాడు ఓలోఫ్ పాల్మె. కమిటీ తేల్చింది ఏమిటయ్యా అంటే ఇప్పుడు వద్దు, తర్వాత చూద్దాం, ఈలోగా "రక్షణ పరిశోధన" సాగనిద్దాం అని. మన ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాన్ని కాదనలేక జాతకాలు చూపిస్తామన్నట్టు. ఆ వాయిదాలోనే బాంబు మెల్లగా చచ్చిపోయింది. లెక్కలు వేసుకున్న సైన్యానికే అంత డబ్బు విమానాలకు పెట్టుకోవడం మేలనిపించింది. 1968లో స్వీడన్ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేసింది.

నాకు ఇందులో ఆసక్తికరంగా కనిపించేది ఆ సంతకం కన్నా ఎఫ్.ఓ.ఏ. కథ. బాంబు ఎలా చెయ్యాలో ఇరవై ఏళ్ళు చదివిన శాస్త్రవేత్తలు ఒక సంస్థ నిండా ఉన్నారు. బాంబు వద్దనుకున్నాక వాళ్ళేం చెయ్యాలి? ఇతరులు బాంబు పేలిస్తే పట్టుకునే పనికి దిగారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని మనం వెక్కిరింపుగా అంటాం. ఇక్కడ మాత్రం ఆ పని ఫలించింది. పేలుడు లోపలి మర్మం తెలిసినవాడికే బయటి గుర్తులూ తెలుస్తాయి.

ఆ శాస్త్రవేత్తలను జెనీవాకు నడిపించిన మనిషి ఆల్వా మిర్డాల్. ఆవిడ 1955 నుంచి 1961 దాకా ఢిల్లీలో స్వీడన్ రాయబారి. నెహ్రూతో మంచి స్నేహం. భర్త గున్నార్ మిర్డాల్ 'ఏషియన్ డ్రామా' పుస్తకానికి సరంజామా కూర్చుకున్నది ఆ రోజుల్లోనే. భౌతికశాస్త్రంతో ఆవిడకు సంబంధం లేదు. పిల్లల పెంపకం, చదువులు, కుటుంబ విధానాల మీద పనిచేసిన మనిషి. అరవయ్యేళ్ళ వయసులో నిరాయుధీకరణ చర్చలకు స్వీడన్ ప్రతినిధిగా వెళ్ళమంటే, ఎఫ్.ఓ.ఏ. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని కిలోటన్నులు, తరంగాలు నేర్చుకుంది. అరవై దాటాక కొత్త సబ్జెక్టు మొదలుపెట్టడం ఎంత కష్టమో ఈ సభలో చాలామందికి తెలుసు.

1962 మార్చి 14న జెనీవాలోని పాలే దే నాసియోఁలో పద్దెనిమిది దేశాల కమిటీ కూర్చుంది. అయిదుగురు అమెరికా వైపు, అయిదుగురు సోవియట్ వైపు. ఫ్రాన్సు రానంది, దాని కుర్చీ చివరిదాకా ఖాళీయే. మిగిలిన ఎనిమిది ఏ కూటమికీ చెందనివి: ఇండియా, స్వీడన్, మెక్సికో, బ్రెజిల్, ఐక్య అరబ్ రిపబ్లిక్ అన్న పేరుతో ఈజిప్టు, బర్మా, ఇథియోపియా, నైజీరియా. అణుపరీక్షలను ఆపాలని అందరూ అనేవాళ్ళే. 1954లో అమెరికా బికినీ దీవి దగ్గర పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద జపాను జాలర్ల మీద పడిన నెల దాటగానే, ఏప్రిల్ 2న, పరీక్షలు నిలిపేద్దామని లోక్‌సభలో నెహ్రూ అన్నాడు. ప్రభుత్వం తరఫున అలా అడిగినవాళ్ళలో ఆయన అందరికన్నా ముందున్నాడు. ఎనిమిదేళ్ళయినా మాట మాటగానే ఉండిపోయింది.

చిక్కు ఎక్కడంటే తనిఖీ దగ్గర. మీ నేల మీద అనుమానాస్పదంగా అదిరితే మావాళ్ళు వచ్చి చూస్తామంటుంది అమెరికా. అది గూఢచర్యం, రావద్దంటుంది సోవియట్ రష్యా. చివరికి ఏడాదికి ఎన్ని తనిఖీలన్న బేరంలోకి దిగింది. మన పశువుల సంతలో తువాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరం చూశారు కదా? అచ్చం అదే. 1962 చివర క్రుశ్చేవ్ రెండు, మూడు దాకా ఒప్పుకున్నాడు. కెనెడీ ఏడు దగ్గర ఆగాడు. పైగా తువాలు కింద వేళ్ళు తప్పుగా లెక్కపెట్టుకున్నారు. అమెరికా ప్రతినిధి ఆర్థర్ డీన్‌తో మాట్లాడినప్పుడు మూడుకు సరేనన్నట్టు సోవియట్లకు అర్థమైంది, తీరా చూస్తే అమెరికా అలా అనలేదంది. మోసపోయానని క్రుశ్చేవ్ మండిపడ్డాడు. మూడుకీ ఏడుకీ మధ్య ప్రపంచం ఆగిపోయింది.

ఆ బేరం అక్కడిదాకా రాకముందే ఎనిమిది దేశాలు ఒక కాగితం పెట్టాయి, 1962 ఏప్రిల్ 16న. దాని సారాంశం ఇది: ఇప్పటికే చాలా దేశాల్లో భూకంప కేంద్రాలున్నాయి, వాటిని కలిపి రాజకీయం అంటని శాస్త్రీయ వలగా చేద్దాం. ఏ కూటమికీ చెందని శాస్త్రవేత్తల బృందం ఆ గీతలు చూసి చెబుతుంది. అనుమానం వస్తే ఆ దేశం వివరణ ఇస్తుంది, కావాలంటే వచ్చి చూడమని తానే పిలుస్తుంది. ఆ పిలవడం హక్కా, మర్యాదా అన్నది కావాలనే గోడ మీది పిల్లిలా వదిలేశారు. ఇద్దరూ దాన్ని చర్చకు ప్రాతిపదికగా ఒప్పుకుని, ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. దౌత్యంలో ఆ తెలివి పనికొస్తుందని కొందరంటారు గానీ, ఈ ఒక్క చోట అదే దెబ్బతీసిందని నేననుకుంటాను. కొలతకు సంబంధించిన కాగితంలో రెండర్థాల మాట ఉండకూడదు.

1963 ఆగస్టు 5న మాస్కోలో ఒప్పందం కుదిరింది. సంతకాలు పెట్టింది అమెరికా, రష్యా, బ్రిటన్. ఎనిమిది దేశాలూ గది బయటే. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు బంద్. భూమి లోపల మాత్రం ఎవరిష్టం వాళ్ళది. ఆకాశం శుభ్రపడింది, ఆ మేలు చిన్నదేం కాదు, పాలల్లో రేడియోధార్మిక స్ట్రాన్షియం తగ్గింది. కానీ బాంబులు ఆగలేదు, పాతాళంలోకి దిగాయి. ఇప్పటిదాకా ప్రపంచంలో జరిగిన అణుపరీక్షలు 2 వేలకు పైనే, వాటిలో ఎక్కువ భాగం భూగర్భంలో జరిగినవి.

భూగర్భాన్ని ఎందుకు వదిలేశారు? కనిపెట్టలేమన్నారు. ఈ కనిపెట్టలేకపోవడం ఎంతవరకు నిజం, ఎంతవరకు సాకు అనడానికి ఒక కథ ఉంది. 1957 సెప్టెంబరు 19న అమెరికా నెవాడాలో రైనియర్ అనే పరీక్ష చేసింది. కొండలో సొరంగం తవ్వి, 1.7 కిలోటన్నుల బాంబు. 200 మైళ్ళు దాటి ఎవరికీ వినబడలేదని అక్కడి అణుశక్తి కమిషన్ తర్వాత ప్రకటించింది. అలాగైతే ఎవరైనా దొంగచాటుగా పరీక్షలు చేసుకోవచ్చు, నిషేధం దండగన్నమాట. వాషింగ్టన్‌లో ఒంటిచేత్తో చిన్న వారపత్రిక నడుపుకునే ఐ.ఎఫ్. స్టోన్ భూకంపాలు చూసే ప్రభుత్వ శాఖకు పోయి ఊరికే అడిగాడు. వాళ్ళు జాబితా తీసి చేతిలో పెట్టారు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దాకా గీత పడింది! కమిషన్ తప్పు దిద్దుకోక తప్పలేదు. అబద్ధాన్ని పట్టిచ్చింది గూఢచారి కాదు, జీతానికి పనిచేస్తూ రోజూ గీతలు చూసుకునే ఉద్యోగుల పట్టిక.

ఇక ఆ గీతల సంగతి. సారు మాకు రాయి, సూదితో చెప్పిందే కొంచెం విస్తరిస్తాను. బావిలో తూటా పేలితే రాయి అన్ని వైపులా బయటికే తోసుకుంటుంది. కాబట్టి ఏ దిక్కున కూర్చున్న యంత్రానికైనా మొదటి కదలిక తోపుగా అందాలి. భూకంపంలో పగులు వెంట రెండు పక్కలూ ఎదురెదురు జారతాయి. కొన్ని దిక్కులకు తోపు, కొన్నిటికి లాగుడు. రెండో గుర్తు, పేలుడు చిన్న చోట క్షణంలో అయిపోతుంది. లోపలినుంచి దూసుకొచ్చే తరంగం బలంగా ఉన్నా, నేల పైపొర వెంట అలల్లా పాకే తరంగాలు బలహీనంగా ఉంటాయి. భూకంపానికి ఆ రెండో రకం బలంగా ఉంటుంది. రెండిటి నిష్పత్తి చూస్తే చాలావరకు విడిపోతాయి. మూడోది లోతు. పది కిలోమీటర్ల కిందనుంచి వచ్చిందంటే అది మనిషి పని కాదు, అంత లోతుకు బాంబు దించేవాడు లేడు. వినడానికి తేలిక. కానీ చిన్న పేలుడు గీత వేల మైళ్ళు ప్రయాణించి వచ్చేసరికి గాలికి ఊగే చెట్ల వణుకులో, సముద్రపు అలల హోరులో కలిసిపోతుంది. దాన్ని విడదీయడానికే ఒక్క యంత్రం కాకుండా వరుసలు వరుసలుగా పెట్టి, అన్నిటి గీతలూ కలిపి చూస్తారు. గౌరీబిదనూరు ఎల్ ఆకారం అందుకే.

స్వీడన్ 1969లో తన పడమటి అడవుల్లో, హాగ్‌ఫోర్స్ అనే చోట, అలాంటి వరుసే పెట్టింది. నడిపింది ఎఫ్.ఓ.ఏ. అంతకు మూడేళ్ళ ముందు, దేశంలో 150 ఏళ్ళుగా యుద్ధం లేనందుకు గుర్తుగా స్టాక్‌హోంలో సిప్రీ అనే శాంతి పరిశోధన సంస్థ పుట్టింది. ఆ సిప్రీ 1968లో పలు దేశాల భూకంప శాస్త్రవేత్తలను ఒక బల్ల చుట్టూ చేర్చింది. పక్క దేశం నార్వే కూడా నార్‌సార్ అనే పెద్ద కేంద్రాన్ని నిలబెట్టింది. వీటి అర్థం ఏమిటంటే, రష్యా పేలుళ్ళ గురించి అమెరికా చెప్పేది, అమెరికా పేలుళ్ళ గురించి రష్యా చెప్పేది నమ్మే గతి మిగతావాళ్ళకు తప్పింది. మూడో మనిషి దగ్గర కూడా పద్దు ఉంది.

1976లో స్వీడన్ ప్రతిపాదన మీద జెనీవా కమిటీ ఒక శాస్త్రీయ నిపుణుల బృందాన్ని వేసింది. తొలి అధ్యక్షుడు స్వీడన్ మనిషి ఉల్ఫ్ ఎరిక్సన్. 1982 నుంచి 1996 దాకా ఓలా డాల్మన్, ఆయనా ఎఫ్.ఓ.ఏ. వాడే. నార్వే నుంచి ఫ్రోడె రింగ్‌డాల్ శాస్త్రీయ కార్యదర్శి. ఈ పేర్లు మీరు విని ఉండరు. వినే అవసరం రాకుండా పనిచేశారు వాళ్ళు. ఏం చేశారని అడిగితే చెప్పడానికి ఆకర్షణీయంగా ఏమీ లేదు. ఏ గీతను ఏ అంకెల్లో రాయాలి? సమయాన్ని సెకనులో ఎన్నో వంతు దాకా చూపాలి? ఒక దేశం పంపిన పట్టిక ఇంకో దేశం కంప్యూటరు చదవగలగాలంటే ఖాళీలు ఎక్కడ వదలాలి? 1984లో ముప్పైకి పైగా దేశాలు కలిసి మొదటి ప్రయోగం చేసినప్పుడు పట్టికలు పంపడానికి ప్రత్యేకమైన తీగలు లేవు. ప్రపంచ వాతావరణ సంస్థ వాన, గాలి కబుర్లు పంపుకునే తంతి మార్గాన్నే వాడుకున్నారు. 1991లో రెండోది. 1995 జనవరి 1న మూడోది మొదలైంది, అది ఇక ఆగలేదు.

ఈ ఇరవై ఏళ్ళలో చాలాభాగం అసలు చర్చే లేదన్నది మరచిపోవద్దు. 1980ల్లో రీగన్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం మీద చర్చకు కూర్చోనంది. దౌత్యవేత్తలు తెల్లకాగితాలు ముందు పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే, కింది గదిలో అమెరికా, రష్యా శాస్త్రవేత్తలతో సహా అందరూ దశాంశాల గురించి కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఒప్పందం లేకపోయినా కొలత ఆగకూడదన్న మొండితనం స్వీడన్‌ది. నేను ఈ దేశాన్ని ఎంచుకున్నది దానికోసం.

అలాగని స్వీడన్‌కు హారతి పట్టడానికి రాలేదు నేను. 1986 మొదటి నాలుగు నెలలు చూడండి. అంతకు ముందు ఏడాది జనవరిలో ఢిల్లీలో ఆరు దేశాల నాయకులు కలిశారు. ఇండియా, స్వీడన్, మెక్సికో, అర్జెంటీనా, గ్రీసు, టాంజానియా. అణుపరీక్షలు ఆపండని పిలుపిచ్చారు. రాజీవ్ గాంధీ, అప్పటికి స్వీడన్ ప్రధాని అయిన పాల్మె పక్కపక్కన కూర్చున్నారు. 1986 ఫిబ్రవరి 28 రాత్రి, సినిమా చూసి భార్యతో నడిచిపోతున్న పాల్మెను స్టాక్‌హోం వీధిలో ఎవరో కాల్చి చంపారు. మార్చి 24న మన సైన్యానికి 410 హోవిట్జర్ల కోసం స్వీడన్ కంపెనీ బోఫోర్స్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఒప్పందం మనకు రావాలని పాల్మె స్వయంగా మాట సాయం చేసినవాడే. తర్వాత మన రాజకీయాల్లో ఏం జరిగిందో ఈ సభకు చెప్పనక్కర్లేదు. నాకు ఆశ్చర్యం ముడుపుల గురించి కాదు. ఒక చేత్తో నిరాయుధీకరణ పత్రం, ఇంకో చేత్తో ఫిరంగుల బిల్లు పట్టుకుని రెండిటినీ అంతే శ్రద్ధగా నడిపించగలగడం గురించి. ఏ పక్షాన చేరకుండా బతకాలంటే సొంత ఆయుధాలు కావాలి, వాటి ఖర్చు గిట్టాలంటే ఇతరులకు అమ్మాలి అన్నది వాళ్ళ వాదన. వాదన అర్థమవుతుంది. మింగుడుపడటమే కష్టం.

మళ్ళీ నెల దాటగానే, ఏప్రిల్ 28 పొద్దున, స్టాక్‌హోంకు ఉత్తరాన ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు రేడియోధార్మికత అంటుకుందని యంత్రం అరిచింది. తమ రియాక్టరే కారుతోందని ముందు భయపడ్డారు. అణుపరీక్షల ధూళి పట్టడానికి ఎఫ్.ఓ.ఏ. దేశమంతా పెట్టుకున్న వడపోత కేంద్రాల్లో చూస్తే, ఆ ధూళి బాంబుది కాదు, రియాక్టరుది, గాలి వచ్చింది ఆగ్నేయం నుంచి. ఆ రాత్రి మాస్కో చెర్నోబిల్ పేరు చెప్పక తప్పలేదు. బాంబుల కోసం పెట్టిన కాపలా వేరే దొంగను పట్టుకుంది.

1994లో జెనీవాలో సమగ్ర పరీక్షా నిషేధ చర్చలు చివరికి మొదలైనప్పుడు, కొలత గురించి వెతుక్కోవాల్సింది పెద్దగా లేదు. నిపుణుల బృందం వండి పెట్టిన అన్నం సిద్ధంగా ఉంది. పరిశీలనా వ్యవస్థ మొత్తం 337 కేంద్రాలు: ముఖ్య భూకంప కేంద్రాలు 50, సహాయ కేంద్రాలు 120, సముద్రంలో వినేవి 11, గాలిలో చెవికందని ధ్వని వినేవి 60, ధూళిని పట్టేవి 80, ప్రయోగశాలలు 16. గొడవంతా రాజకీయం దగ్గరే.

ఆ రాజకీయంలో అడ్డంగా నిలబడింది మనమే. విచిత్రం చూడండి. 1962లో స్వీడన్ పక్కన కూర్చుని ఆ కాగితం పెట్టిన ఇండియా, 1993లో ఈ చర్చలు మొదలుపెట్టాలన్న ఐక్యరాజ్యసమితి తీర్మానానికి సహప్రతిపాదకురాలైన ఇండియా, 1996లో వద్దంది. మన రాయబారి అరుంధతీ ఘోష్ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఉన్న బాంబులు ఎప్పటికి వదిలేస్తారో గడువు చెప్పరు, కంప్యూటర్లతో కొత్తవి దిద్దుకునే వెసులుబాటు అట్టేపెట్టుకున్నారు, మమ్మల్ని మాత్రం చేతులు కట్టుకోమంటారా అన్నది ప్రశ్న. దానికి ఆ గదిలో ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. పైగా ఒప్పందం అమల్లోకి రావాలంటే ఫలానా దేశాలన్నీ చేరి తీరాలన్న షరతు పెట్టారు. పరిశీలనా కేంద్రాలున్న దేశాలని మొదట అనుకుంటే, మన కేంద్రాలను జాబితాలోంచి వెనక్కి తీసుకున్నాం. అప్పుడు ఆ లెక్క మార్చి, అణురియాక్టర్లున్న 44 దేశాలన్నారు. చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ మన మీదే పడింది. జెనీవాలో మనం అడ్డుకుంటే, ఆస్ట్రేలియా ఆ ముసాయిదాను తిన్నగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభకు తీసుకుపోయింది. సెప్టెంబరు 10న 158 ఓట్లతో ఆమోదించారు. వ్యతిరేకించినవి మూడు: ఇండియా, భూటాన్, లిబియా.

సంతకం చెయ్యకపోవడం సరైనదా కాదా అన్న వాదనలోకి నేను పోను, రెండేళ్ళకు పోఖ్రాన్ జరిగాక ఆ వాదనకు అర్థం మారిపోయింది. నాకున్న బాధ చిన్నది, ఈ ఊరిది. బ్రిటన్ సాయంతో 1960ల్లో పుట్టిన వరుసలు నాలుగు. స్కాట్లండ్‌లో ఎస్క్‌డేల్‌మ్యూర్, కెనడాలో యెల్లోనైఫ్, ఆస్ట్రేలియాలో వారాముంగా, మన గౌరీబిదనూరు. ఒక తల్లి పిల్లల్లాంటివి. ఆ ముగ్గురూ ఇవాళ ఈ ఒప్పందం కోసం వియన్నాలో పెట్టిన కేంద్రానికి గీతలు పంపుతున్నారు. నాలుగోది వింటూనే ఉంది, విన్నది ఇంట్లోనే చెప్పుకుంటోంది. ఒప్పందాన్ని కాదన్నా కొలతను కాదనకుండా ఉండే దారి వెతికి ఉండాల్సిందని నాకనిపిస్తుంది. 1962లో మనమూ కలిసి పెట్టిన కాగితంలో ఉన్నది కొలత గురించే కదా.

కొలతకు హద్దుల్లేవని మాత్రం అనను. 1998 మే 11 పేలుళ్ళు ప్రపంచమంతా నమోదయ్యాయి, వాటి బలం ఎంతన్న దాని మీద మాత్రం ఇప్పటికీ కీచులాటే. మే 13న చేశామని మనం ప్రకటించిన రెండు చిన్న పరీక్షల గీత మాత్రం బయటి కేంద్రాలకు చిక్కలేదు. అదే 2006 అక్టోబరులో ఉత్తర కొరియా పేల్చిన కిలోటన్నుకు లోపలి బాంబు వెంటనే దొరికిపోయింది. స్వీడన్ శాస్త్రవేత్తలు తాము తయారుచేసిన సౌనా అనే యంత్రాన్ని దక్షిణ కొరియాకు పట్టుకుపోయి, నేల పగుళ్ళలోంచి కారిన జీనాన్ వాయువును గాలిలో పట్టారు. వేల మైళ్ళ అవతల యెల్లోనైఫ్‌లోనూ దాని జాడ తగిలింది. బాంబును వదులుకున్న సంస్థ వారసులు మరో ఇంటివాడి బాంబు ఊపిరిని పట్టుకున్నారన్నమాట.

ఆల్వా మిర్డాల్‌కు 1982లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, లాటిన్ అమెరికాను అణ్వస్త్ర రహితం చేసిన మెక్సికో దౌత్యవేత్త ఆల్ఫోన్సో గార్సియా రోబ్లెస్‌తో కలిపి. ఆవిడ 1986లో పోయింది. ఇవాళ ఉంటే ఏమనేదో ఊహించడం నాకిష్టం లేదు గానీ, జరిగింది చెబుతాను. అణ్వస్త్రాల నిషేధ ఒప్పందానికి 2017లో ఓటేసిన స్వీడన్, 2019లో సంతకం చెయ్యబోనని చెప్పింది. 2024 మార్చి 7న నాటోలో చేరింది, అంటే అమెరికా అణు గొడుగు కిందికి నడిచింది. ఉక్రెయిన్ మీద యుద్ధం చూశాక వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. గట్టు మీది చిన్న రైతు ఒక పెద్ద రైతు పెరట్లోకి ఇల్లు మార్చుకున్నాడు. గొలుసు ఇంకా అతని దగ్గరే ఉంది. అవతలి రైతు ఇకముందు దాన్ని నమ్ముతాడా అన్నది చూడాలి. సమగ్ర పరీక్షా నిషేధ ఒప్పందం ఇంకా అమల్లోకి రాలేదు. ఆ 44లో తొమ్మిది దేశాలు అడ్డం ఉన్నాయి. రష్యా తానిచ్చిన ఆమోదాన్నే 2023 నవంబరులో వెనక్కి తీసుకుంది. వియన్నాలో యంత్రాలు మాత్రం చట్టం లేకుండానే పనిచేస్తున్నాయి.

సభకు వచ్చేముందు సారు ఇంటికి, అమ్మగారిని చూడడానికి వెళ్ళాను. సారు పెట్టెలోంచి పాత గాజు పలకలు నాలుగు తీసి చూపించారు. మసి మీద సారు లక్క పూత పూసి, మూలల్లో చిన్న అక్షరాలతో రాసుకున్నారు. ఒకదాని మీద లారీ. ఒకదాని మీద రైలు. ఒకదాని మీద తూటా, పరిగి రోడ్డు బావి. నాలుగోదాని మీద తారీకు, గంట, నిమిషం రాసి, కింద "తెలియలేదు" అని ఉంది. వాటిని అమ్మగారు ఇవాళ తెచ్చారు, ఆ బల్ల మీద ఉన్నాయి. పోయేటప్పుడు చూసి వెళ్ళండి. చేత్తో మాత్రం ముట్టుకోకండి, పూత పాతదైపోయింది, మసి రాలుతుంది.